పర్లాకిమిడి పేజీ చప్పున తెరుచుకోవాలంటే: కంప్రెషన్ హెడర్లతో పనిచేసే పద్ధతి

పర్లాకిమిడి అనే మాటను ఇంగ్లీషులో రాస్తే 11 అక్షరాలు, 11 బైట్లు. అదే మాటను తెలుగులో రాసి, గుణింతపు గుర్తులను కూడా విడివిడిగా లెక్కపెడితే అక్కడా 11 యూనికోడ్ గుర్తులే వస్తాయి. బైట్లు మాత్రం 33 అవుతాయి. వెబ్‌లో దాదాపు అందరూ వాడే యూటీఎఫ్-8 పద్ధతిలో తెలుగు గుర్తుకు 3 బైట్లు పడతాయి, ఒడియా గుర్తుకూ అంతే. పర్లాకిమిడి ఉన్న, ఒడిశాలోని మా గజపతి జిల్లా కొండల్లోని సవరల భాషకున్న సొరంగ్ సొంపెంగ్ లిపికైతే ఒక్కో గుర్తుకు 4 బైట్లు.

నేను ఒక చిన్న పేజీని నడుపుతున్నాను. నౌపడా నుంచి గుణుపురం దాకా నడిచే రైళ్ళ వేళలు, పర్లాకిమిడి నుంచి బయలుదేరే బస్సుల వేళలు అందులో ఉంటాయి. మా ఇళ్ళలో మాట్లాడేది తెలుగు, పిల్లలు బడిలో చదివేది ఒడియా. అందుకే టెక్కలి, పాతపట్నం, కాశీనగరం వంటి పేర్లన్నీ రెండు లిపుల్లోనూ ఉండాలి. అంత బరువైన పేజీ ఊళ్ళో బాగానే తెరుచుకుంటుంది. గుమ్మ వైపు కొండలెక్కే కొద్దీ ఫోనులో సిగ్నల్ పలచబడుతుంది, అక్కడ ప్రతి కిలోబైటుకూ నిరీక్షణ తప్పదు. బరంపురం, రాయగడ, జయపురంలలో తెలుగువారి కోసం ఇలాంటి పేజీలు తయారుచేస్తున్నవారిని దృష్టిలో పెట్టుకుని ఇది రాస్తున్నాను.

డేటాను కుదించడం (కంప్రెషన్) కష్టమేమీ కాదు, సర్వర్‌లో ఒక్క పంక్తి చాలు. చిక్కంతా హెడర్లలో ఉంది. పేజీతో పాటు దాని గురించి చెబుతూ వెళ్ళే చిన్న పంక్తి హెడర్. బస్సు మీద పంపే బస్తాకు కట్టిన చీటీ లాంటిది. బస్తాలో ఉన్న సరుకు వేరు, చీటీలో రాసిన మాట వేరు అయితే అందుకున్నవాడు ఏం చేయగలడు? సరుకును ఎవరు మారిస్తే వారే చీటీని కూడా మార్చాలి. కింద చెప్పే పనులన్నిటిలోనూ నేను మళ్ళీ మళ్ళీ చూసుకునేది ఈ ఒక్క విషయమే.

హెడర్ల పేర్లను, ఆదేశాలను ఇక్కడ తెలుగు లిపిలో రాస్తున్నాను. కోడ్‌లో వాటిని ఇంగ్లీషు అక్షరాల్లోనే టైపు చేయాలి.

ముందు, ఇప్పుడు ఏం జరుగుతోందో చూడండి

ఏదీ మార్చకముందే మీ పేజీ ఎలా వెళ్తోందో తెలుసుకోండి. ఫైర్‌ఫాక్స్‌లో గానీ క్రోమ్‌లో గానీ డెవలపర్ పరికరాలు తెరిచి, నెట్‌వర్క్ భాగానికి వెళ్ళి, పేజీని మళ్ళీ లోడ్ చేయండి. ప్రతి ఫైలుకూ రెండు కొలతలు దొరుకుతాయి. ఒకటి నెట్ ద్వారా వచ్చిన బైట్ల సంఖ్య, రెండోది విప్పిన తరువాతి బైట్ల సంఖ్య. రెండూ ఇంచుమించు ఒకటే అయితే కుదింపు జరగడం లేదని అర్థం. ఆ ఫైలు మీద నొక్కితే తనకు ఏ కుదింపు పద్ధతులు పనికొస్తాయో చెబుతూ బ్రౌజర్ పంపిన యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్, ఏ పద్ధతిలో కుదించారో చెబుతూ సర్వర్ జవాబులో వచ్చిన కంటెంట్-ఎన్‌కోడింగ్ హెడర్ కనిపిస్తాయి.

బ్రౌజర్‌తోనే ఆగిపోకండి. అది వచ్చినదాన్ని వచ్చినట్టే విప్పి చూపిస్తుంది కాబట్టి, నెట్ ద్వారా ఏం వచ్చిందో మీకు నేరుగా తెలియదు. కమాండ్ ద్వారా పేజీలు తెప్పించే కర్ల్ అనే ప్రోగ్రామ్ అలా చేయదు. మీరు చెబితే తప్ప యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ పంపదు, మీరు చెబితే తప్ప విప్పదు. ఆ హెడర్‌ను జీజిప్ (అందరూ వాడే కుదింపు పద్ధతి) అనే విలువతో మీరే జోడించి, జవాబును ఒక ఫైల్లోకి రాయించుకోండి. ఆ ఫైలు మొదటి రెండు బైట్లు 31, 139 అయితే వచ్చింది జీజిప్. ఈ రెండు అంకెలను కాగితం మీద రాసి పెట్టుకోండి, ముందు ముందు అవసరమవుతాయి. బ్రోట్లీ అనే మరో కుదింపు పద్ధతికి ఇలాంటి ముద్ర లేదు. హెడర్ తప్పిపోతే బైట్లను చూసి బ్రోట్లీ అని గుర్తుపట్టడానికి ఆధారం దొరకదు.

ఒక జాగ్రత్త. హెడర్లు మాత్రమే తెప్పించే హెడ్ రిక్వెస్ట్‌తో ఈ పరీక్ష చేయకండి. కొన్ని అప్లికేషన్లు హెడ్‌కు ఒక రకంగా, మామూలుగా పేజీని తెప్పించే గెట్‌కు మరో రకంగా జవాబిస్తాయి. గెట్ పంపి, హెడర్లను విడిగా రాయించుకోవడమే నమ్మకమైన దారి.

అడిగినవారి మాట పూర్తిగా చదవండి

ఇప్పటి బ్రౌజర్ హెచ్‌టీటీపీఎస్ మీద పంపే యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌లో సాధారణంగా జీజిప్, డిఫ్లేట్, బీఆర్, జెడ్‌ఎస్‌టీడీ అనే కుదింపు పద్ధతుల పేర్లు కామాలతో వరుసగా ఉంటాయి. బీఆర్ అంటే బ్రోట్లీ. బయటి సర్వర్‌ను సాదా హెచ్‌టీటీపీ మీద తెరిస్తే బ్రౌజర్లు బ్రోట్లీని అడగవు. ఎన్క్రిప్షన్ లేని పరీక్షా సర్వర్ మీద బ్రోట్లీ పనిచేయడం లేదని గంటల తరబడి వెతికేవారికి చాలాసార్లు కారణం ఇదే.

మీ అప్లికేషన్‌లోనే ఈ హెడర్‌ను చదవవలసి వస్తే, విలువలో జీజిప్ అనే మాట ఉందా లేదా అని వెతికి ఊరుకోకండి. ప్రతి పేరు పక్కనా సెమీకోలన్ పెట్టి క్యూ అనే ప్రాధాన్యం రాయవచ్చు. అది 0 నుంచి 1 దాకా ఉంటుంది, దశాంశ బిందువు తరువాత మూడు అంకెల వరకు ఉండవచ్చు. ఏమీ రాయకపోతే 1 అనుకోవాలి. క్యూ విలువ 0 అయితే ఆ పద్ధతి వద్దని చెప్పడం. అంటే 'జీజిప్, క్యూ 0' అని వచ్చిన హెడర్‌లో జీజిప్ అనే మాట ఉంటుంది, అర్థం మాత్రం జీజిప్ పంపవద్దని. మాట కోసం వెతికే కోడ్ సరిగ్గా అక్కడే తలకిందులవుతుంది.

కాబట్టి ముందు కామాల దగ్గర విడగొట్టండి, ఖాళీలు తీసేయండి, ఆ తరువాత సెమీకోలన్ దగ్గర విడగొట్టి క్యూ విలువ చదవండి. పేర్లలో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా చూడకండి. నక్షత్రం గుర్తు వస్తే, పేరు పెట్టి చెప్పని మిగతా పద్ధతులన్నిటికీ అది వర్తిస్తుంది. కుదించని రూపానికి ఐడెంటిటీ అని పేరు. దాన్ని ప్రత్యేకంగా నిరాకరిస్తే తప్ప, లేదా నక్షత్రానికి 0 ఇచ్చి ఐడెంటిటీ ఊసెత్తకపోతే తప్ప, అది ఎప్పుడూ పంపదగినదే.

అసలు ఆ హెడరే రాకపోతే? నిబంధన ప్రకారం ఏ పద్ధతిలోనైనా పంపవచ్చు. నేను మాత్రం కుదించకుండానే పంపుతాను. అడగనివాడికి విప్పడం చేతకాకపోవచ్చు, అడిగి తెలుసుకునే వీలు మనకు లేదు. హెడర్ వచ్చి విలువ ఖాళీగా ఉంటే ఏ కుదింపూ వద్దని స్పష్టంగా చెప్పినట్టే.

ఏ పద్ధతి ఎంచుకోవాలి

ప్రాధాన్యాలు సమానంగా ఉన్నప్పుడు ఎంపిక సర్వర్‌ది. జీజిప్‌ను 1992లో జాన్-లూ గయీ, మార్క్ ఆడ్లర్ రాశారు. అది విప్పలేని బ్రౌజర్ మీకు ఎదురుకాదు. బ్రోట్లీ గూగుల్‌లో పుట్టింది, 2016లో ఆర్‌ఎఫ్‌సీ (ఇంటర్నెట్ పద్ధతులను వివరించే పత్రం) 7932గా వెలువడింది. జెడ్‌ఎస్‌టీడీ ఫేస్‌బుక్‌లో యాన్ కొలే చేసిన పని, 2024లో క్రోమ్ 123, ఫైర్‌ఫాక్స్ 126తో బ్రౌజర్లలోకి వచ్చింది. డిఫ్లేట్‌ను నేను ఎప్పుడూ పంపను. ప్రమాణం ప్రకారం ఆ పేరుకు జెడ్‌లిబ్ తొడుగుతో (ముందూ వెనకా చేర్చే కొన్ని బైట్లతో) కూడిన డిఫ్లేట్ అని అర్థం. పాత ప్రోగ్రాములు కొన్ని తొడుగు లేకుండా పంపాయి, కొన్ని అలాగే వస్తుందని ఆశించాయి. ఆ గందరగోళంలోకి మళ్ళీ దిగవలసిన అవసరం మనకు లేదు.

తెలుగు పేజీల విషయంలో ఇక్కడ కొంచెం ఆగాలి. తెలుగు గుర్తుకున్న మూడు బైట్లలో మొదటిది ఎప్పుడూ 224, రెండోది 176 లేదా 177. ఒడియాలోనూ మొదటిది 224, రెండోది 172 లేదా 173. అసలు సమాచారమంతా మూడో బైటులోనే ఉంటుంది. సొరంగ్ సొంపెంగ్ మరీ విశేషం. ఆ లిపిలోని ఏ గుర్తు తీసుకున్నా నాలుగు బైట్లలో మొదటి మూడు 240, 145, 131 అనే వరుసే. ఇలా పదే పదే వచ్చే బైట్లను చిన్నవి చేయడమే కుదించే ప్రోగ్రామ్ పని. మన లిపులకు యూటీఎఫ్-8లో పడిన అదనపు భారంలో చాలా భాగాన్ని కుదింపు తిరిగి తీసేస్తుంది. ఇంగ్లీషు పేజీకి కుదింపు సౌకర్యమైతే మన పేజీకి అది అవసరమని నేను అనడం ఇందుకే.

అయితే జీజిప్ లోపలి డిఫ్లేట్‌కు ఒక హద్దుంది. ముందు వచ్చిన మాట మళ్ళీ వచ్చిందా అని అది వెనక్కి 32 కిలోబైట్ల దాకానే చూడగలదు. ఇంగ్లీషులో అది 32 వేల పైచిలుకు అక్షరాల దూరం. తెలుగులో సుమారు 10,900 గుర్తుల దూరమే. పట్టిక పొడవుగా ఉంటే, పేజీ మొదట్లో వచ్చిన స్టేషన్ల పేర్లు చివర్లో మళ్ళీ వచ్చేసరికి జీజిప్ వాటిని మరిచిపోయి ఉంటుంది. బ్రోట్లీ 16 మెగాబైట్ల దాకా వెనక్కి చూడగలదు. పొడవైన తెలుగు పేజీలకు బ్రోట్లీయే తగినదని నా అభిప్రాయం. బ్రోట్లీలో 13 వేలకు పైగా మాటలతో ఒక నిఘంటువు కూడా ముందే అమర్చి ఉంటుంది. ఇంగ్లీషు, స్పానిష్, చైనీస్, హిందీ, రష్యన్, అరబిక్ మాటలు, హెచ్‌టీఎంఎల్ ముక్కలు అందులోకి తీసుకున్నారు. తెలుగుకూ ఒడియాకూ ఆ వరుసలో చోటు దక్కలేదు. అయినా పేజీలోని హెచ్‌టీఎంఎల్ గుర్తులకు ఆ నిఘంటువు పనికొస్తుంది.

కుదించాక చీటీ మీద ఏం రాయాలి

కంటెంట్-ఎన్‌కోడింగ్‌లో మీరు నిజంగా వాడిన పద్ధతి పేరే రాయండి. కుదించకపోతే ఆ హెడర్‌నే పంపకండి, ఐడెంటిటీ అని అక్కడ రాయకూడదు. ఒకదాని మీద ఒకటి రెండు పద్ధతులు వాడితే, వాడిన వరుసలోనే రెండు పేర్లూ రాయాలి. ఫైలు ఏ రకమో చెప్పే కంటెంట్-టైప్‌ను ముట్టుకోకండి. కుదించినా అది హెచ్‌టీఎంఎల్ పేజీయే, యూటీఎఫ్-8లో ఉన్నదే. అక్కడ జీజిప్ ఫైలు అని రాస్తే బ్రౌజర్ పేజీని చూపించకుండా డౌన్‌లోడ్‌కు పెడుతుంది.

కంటెంట్-లెంగ్త్ తెలుగువాళ్ళు ప్రత్యేకంగా చూసుకోవలసిన హెడర్. అందులో ఉండవలసింది పంపుతున్న బైట్ల సంఖ్య. కుదిస్తే కుదించిన తరువాతి బైట్లు, కుదించకపోతే ఉన్న బైట్లు. చాలా భాషల్లో స్ట్రింగ్ పొడవు అడిగితే గుర్తుల సంఖ్య వస్తుంది. పర్లాకిమిడి అనే మాటకు 11 అని వస్తుంది, పంపవలసినవి 33. ఇంగ్లీషు పాఠంతో పరీక్షించినంత కాలం రెండు లెక్కలూ సరిపోతాయి, తప్పు బయటపడదు. తెలుగు పేజీ వచ్చిన రోజున పేజీ మధ్యలోనే తెగిపోతుంది. ముందు యూటీఎఫ్-8 బైట్లుగా మార్చండి, తరువాత కుదించండి, చివరగా పొడవు లెక్కపెట్టండి. ఈ వరుస మారకూడదు. అప్పటికప్పుడు కుదిస్తూ పంపేటప్పుడు పొడవు ముందుగా తెలియదు కాబట్టి కంటెంట్-లెంగ్త్‌ను వదిలేయండి. హెచ్‌టీటీపీ 1.1లో ముక్కలుగా పంపే పద్ధతి, హెచ్‌టీటీపీ 2లో ఫ్రేములు ముగింపును చెబుతాయి.

మూడోది వేరీ. దాని విలువ యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ అని ఉండాలి. ఇదే చిరునామాకు అడిగేవారిని బట్టి వేరు వేరు రూపాలున్నాయని మధ్యలోని క్యాష్‌లకు (జవాబులను దాచుకుని మళ్ళీ ఇచ్చే సర్వర్లకు) చెప్పడం దాని పని. ఇది లేక ఏం జరుగుతుందో నేను చూశాను. బస్టాండు దగ్గర ఒక దుకాణంలో చిన్న బోర్డు పెట్టాం, అందులోని ప్రోగ్రామ్ నా పేజీ నుంచి వేళలు తెచ్చి వెలిగించేది. దానికి కుదింపు తెలియదు, అడిగేదీ కాదు. ఒక రోజు బోర్డు మీద అర్థం కాని గుర్తులు వచ్చాయి, పది నిమిషాల తరువాత సరయ్యాయి, మళ్ళీ చెడ్డాయి. అంతకుముందు ఎవరో బ్రౌజర్‌తో పేజీ తెరిచారు, మధ్యలోని క్యాష్ ఆ జీజిప్ రూపాన్ని దాచుకుని బోర్డుకు కూడా అదే ఇచ్చింది. నా సర్వర్ వేరీ పంపి ఉంటే క్యాష్ రెండు రూపాలనూ వేరుగా దాచుకునేది. కుదించని జవాబుకు కూడా వేరీ పంపండి. అప్పుడప్పుడు వచ్చి పోయే ఇలాంటి తప్పులు దొరకడం చాలా కష్టం. వేరీ పెట్టడం ఒక్క పంక్తి పని.

ఈట్యాగ్ (జవాబు రూపాన్ని గుర్తుపట్టడానికి సర్వర్ పంపే గుర్తింపు హెడర్) వాడితే, కుదించిన రూపానికీ కుదించని రూపానికీ ఒకే గట్టి (బైట్లు అచ్చంగా అవే అని చెప్పే) ఈట్యాగ్ ఉండకూడదు. బైట్లు వేరైనప్పుడు గుర్తింపు కూడా వేరుగా ఉండాలి. అప్పటికప్పుడు కుదించేటప్పుడు ఇంజిన్‌ఎక్స్ అనే వెబ్ సర్వర్ ప్రోగ్రామ్ దాన్ని బలహీన ఈట్యాగ్‌గా మార్చి పంపుతుంది, ఆ పద్ధతి బాగుంటుంది. ఏమీ మారలేదని చెప్పే 304 జవాబులో కూడా వేరీ ఉండాలి.

సర్వర్‌లో అమరిక

ఇంజిన్‌ఎక్స్‌లో జీజిప్‌ను ఆన్ చేసినంత మాత్రాన పని పూర్తికాదు. మీరేమీ చెప్పకపోతే అది హెచ్‌టీఎంఎల్‌ను మాత్రమే కుదిస్తుంది. జీజిప్ టైప్స్ అనే అమరికలో సీఎస్ఎస్, జావాస్క్రిప్ట్, జేసన్, ఎక్స్ఎంఎల్, ఎస్‌వీజీ రకాలను మీరే చేర్చాలి. జీజిప్ వేరీ కూడా మొదట ఆఫ్‌లోనే ఉంటుంది, దాన్ని ఆన్ చేయండి. కుదింపు స్థాయి 1 నుంచి 9 దాకా ఉంటుంది, మీరేమీ చెప్పకపోతే 1. అప్పటికప్పుడు కుదించడానికి నేను 5 పెడతాను. 9 పెడితే సర్వర్ శ్రమ పెరుగుతుంది, తగ్గే బైట్లు మాత్రం ఆ శ్రమకు తగినన్ని ఉండవు. కుదించడానికి జవాబుకు ఉండవలసిన కనీస పొడవు, మీరేమీ చెప్పకపోతే, 20 బైట్లు. జీజిప్ తన తల, తోక కలిపి కనీసం 18 బైట్లు జోడిస్తుంది కాబట్టి అంత చిన్న జవాబును కుదించడం వల్ల ఒరిగేదేమీ లేదు. దాన్ని 1,000కి పెంచండి.

మీ సర్వర్‌కూ పాఠకులకూ మధ్య మరో ప్రాక్సీ (మధ్యవర్తి సర్వర్) ఉండి, అది వయా అనే హెడర్ పంపుతుంటే, ఇంజిన్‌ఎక్స్ ఆ రిక్వెస్ట్‌లకు కుదింపు మానేస్తుంది. జీజిప్ ప్రాక్సీడ్ అమరికను మార్చితే తప్ప అది మొదలుకాదు. బ్రోట్లీ ఇంజిన్‌ఎక్స్‌లో అంతర్భాగం కాదు, మాడ్యూల్ విడిగా చేర్చుకోవాలి. అపాచీ అనే మరో సర్వర్ ప్రోగ్రామ్‌లో మోడ్ డిఫ్లేట్‌తో పాటు 2.4.26 నుంచి మోడ్ బ్రోట్లీ కూడా ఉంది. పీహెచ్‌పీలో జెడ్‌లిబ్ అవుట్‌పుట్ కంప్రెషన్, ఓబీ జీజెడ్ హ్యాండ్లర్ అని రెండు దారులున్నాయి. రెండూ ఒకేసారి వాడకూడదు.

జేపెగ్, పీఎన్‌జీ, ఎంపీ4 ఫైళ్ళను కుదించకండి, అవి ఇప్పటికే కుదించినవి. తెలుగు ఫాంటును వోఫ్2 రూపంలో ఇస్తుంటే దాని లోపల బ్రోట్లీయే ఉంది, దాన్నీ వదిలేయండి. టీటీఎఫ్ రూపంలో ఇస్తుంటే మాత్రం కుదించండి, లేదా వోఫ్2లోకి మార్చండి.

మారని ఫైళ్ళకు ఇంతకంటే మంచి పద్ధతి ఉంది. పేజీని తయారుచేసేటప్పుడే బ్రోట్లీ 11వ స్థాయిలోనూ జీజిప్ 9వ స్థాయిలోనూ ఒకసారి కుదించి, అసలు ఫైలు పక్కనే పెట్టుకోండి. ఇంజిన్‌ఎక్స్‌లో జీజిప్ స్టాటిక్ ఆన్ చేస్తే, జీజిప్ అడిగినవారికి ఆ సిద్ధంగా ఉన్న జీజిప్ ఫైలే వెళ్తుంది. ఒక్కటే ప్రమాదం. మీరు అసలు ఫైల్లో వేళ మార్చి, పక్కన ఉన్న కుదించిన ఫైలును మరిచిపోతే, సర్వర్ పాతదే పంపుతూ ఉంటుంది. మీ కర్ల్‌లో కొత్త వేళ, పాఠకుడి ఫోనులో పాత వేళ కనిపిస్తాయి. ఆ పాత వేళ నమ్మి సెరంగ్ నుంచి దిగివచ్చేవారికి బండి దొరకదు. అందుకే చేతితో ఫైళ్ళు మార్చకండి. అసలు ఫైలునూ కుదించిన రూపాలనూ ఒకే స్క్రిప్ట్ తయారుచేయాలి, మూడూ కలిసే సర్వర్‌కు చేరాలి.

మీరు మధ్యలో ఉన్నప్పుడు

నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఇబ్బంది పెట్టింది ఇది. నా సర్వర్ కొన్ని వేళలను మరొక సర్వర్ నుంచి తెచ్చి పాఠకులకు అందిస్తుంది. నోడ్ (సర్వర్‌లో జావాస్క్రిప్ట్ నడిపే ప్రోగ్రామ్)లో ఫెచ్ అనే ఫంక్షన్‌తో తెచ్చి, వచ్చిన హెడర్లన్నిటినీ అలాగే నా జవాబులోకి కాపీ చేశాను. బ్రౌజర్ పేజీని తెరవనే లేదు, కంటెంట్‌ను విప్పడం విఫలమైందని చెప్పి ఆగిపోయింది. ఫెచ్ జవాబును తనే విప్పి నా చేతిలో పెట్టింది, హెడర్లను మాత్రం వచ్చినట్టే ఉంచింది. నేను పంపినది విప్పిన పాఠం, చీటీ మీద జీజిప్ అని ఉంది. విప్పినదాన్ని బ్రౌజర్ మళ్ళీ విప్పబోయింది.

కంటెంట్-ఎన్‌కోడింగ్ తీసేశాను. పేజీ తెరుచుకుంది, పని అయిపోయిందనుకున్నాను. రెండు రోజుల తరువాత కాశీనగరం నుంచి ఒక పెద్దాయన ఫోను చేసి, సాయంత్రం బండి రద్దు చేశారా అని అడిగారు. కంటెంట్-లెంగ్త్ ఇంకా కుదించిన పొడవునే చెబుతోంది. బ్రౌజర్ అన్ని బైట్లు చదివి అక్కడితో ఆపేసింది. ఉదయం బండ్లన్నీ కనిపించాయి, పట్టిక అడుగున ఉన్న సాయంత్రం బండి కనిపించలేదు. తప్పు పూర్తిగా నాదే. ఆయన ఫోను చేయకపోతే ఇంకా ఎన్నాళ్ళు అలా ఉండేదో ఆలోచిస్తే నాకు ఇప్పటికీ బాధగా ఉంటుంది.

కాబట్టి మధ్యలో ఉన్నప్పుడు రెండు దారుల్లో ఒకటి ఎంచుకోండి. మొదటిది, వచ్చిన బైట్లను విప్పకుండా, హెడర్లను మార్చకుండా యథాతథంగా పంపడం. అలాంటప్పుడు పాఠకుడి యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్‌ను కూడా అవతలి సర్వర్‌కు అలాగే అందించాలి. రెండోది, విప్పి మళ్ళీ పంపడం. అప్పుడు కంటెంట్-ఎన్‌కోడింగ్, కంటెంట్-లెంగ్త్, ట్రాన్స్‌ఫర్-ఎన్‌కోడింగ్, గట్టి ఈట్యాగ్ నాలుగింటినీ తీసేసి, అవసరమైనవి మీరే కొత్తగా రాయాలి. హెడర్లన్నీ కాపీ చేసి కొన్ని తీసేయడం కంటే, కావలసినవాటిని పేరు పేరునా ఎంచి కాపీ చేయడం మంచిది. నేను ఇప్పుడు అలాగే చేస్తున్నాను.

అడిగే వైపు భాషకో అలవాటు ఉంది. గో భాషలో యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్ మీరు పెట్టకపోతే లైబ్రరీయే జీజిప్ అడిగి, విప్పి, కంటెంట్-ఎన్‌కోడింగ్‌ను, కంటెంట్-లెంగ్త్‌ను తీసేస్తుంది. మీరు చేత్తో హెడర్ పెడితే విప్పడం మీ బాధ్యత అవుతుంది. పైథాన్ రిక్వెస్ట్స్ లైబ్రరీ జీజిప్‌ను తానే విప్పుతుంది. బ్రోట్లీ ప్యాకేజీ వేసుకోకుండా మీరు బీఆర్ అడిగితే మాత్రం విప్పని బైట్లే చేతికొస్తాయి. పైథాన్‌తో వచ్చే యూఆర్ఎల్‌లిబ్ కుదింపు వద్దని అడుగుతుంది, విప్పడం కూడా చేయదు. పీహెచ్‌పీ కర్ల్‌లో ఎన్‌కోడింగ్ ఐచ్ఛికానికి ఖాళీ స్ట్రింగ్ ఇస్తే తనకు తెలిసినవన్నీ అడిగి విప్పుతుంది. మీకు విప్పడం రాని పద్ధతిని ఎప్పుడూ అడగకండి.

విప్పిన తరువాత కూడా మొదటి రెండు బైట్లు 31, 139 అని వస్తే రెండుసార్లు కుదించారని అర్థం. చాలాసార్లు కారణం ఒకటే ఉంటుంది. అప్లికేషన్ తానే కుదించి, కంటెంట్-ఎన్‌కోడింగ్ రాయడం మరిచిపోతుంది. ముందున్న ఇంజిన్‌ఎక్స్ అది కుదించనిదే అనుకుని మళ్ళీ కుదిస్తుంది. హెడర్ సరిగ్గా రాసి ఉంటే ఇంజిన్‌ఎక్స్ దాని జోలికి వెళ్ళేది కాదు.

మీకు వచ్చే కుదించిన డేటా

రిక్వెస్ట్ శరీరాన్ని, అంటే అడిగేవారు మీకు పంపే డేటాను కూడా కుదించి పంపవచ్చు. అడిగేవారు కంటెంట్-ఎన్‌కోడింగ్‌తో పోస్ట్ చేస్తే దాన్ని మీరే విప్పాలి. మీకు తెలియని పద్ధతి అయితే 415 (ఈ రూపం తీసుకోలేను) అనే జవాబిచ్చి, ఆ జవాబులో మీకు తెలిసిన పద్ధతులను యాక్సెప్ట్-ఎన్‌కోడింగ్ హెడర్‌లో రాయండి. ఆ హెడర్‌ను సర్వర్ కూడా పంపవచ్చని చాలామందికి తెలియదు, 2015లో ఆర్‌ఎఫ్‌సీ 7694 ఆ వీలు కల్పించింది.

ఇక్కడ ప్రమాదం పెద్దది. డిఫ్లేట్ గరిష్ఠంగా దాదాపు 1,030 రెట్ల దాకా కుదించగలదు. ఎవరైనా కావాలని తయారుచేసిన 1 మెగాబైటు ఫైలు విప్పితే 1 గిగాబైటు అవుతుంది, చిన్న సర్వర్ జ్ఞాపకశక్తి అంతటితో అయిపోతుంది. వచ్చిన పొడవును కొలిచి ధైర్యపడకండి. ముక్కలు ముక్కలుగా విప్పుతూ, విప్పిన బైట్లను లెక్కిస్తూ, మీరు పెట్టుకున్న హద్దు దాటగానే ఆపేసి 413 (డేటా మరీ పెద్దది) అనే జవాబు పంపండి. మొత్తం ఒకేసారి విప్పే ఫంక్షన్‌ను బయటివారు పంపే డేటా మీద ఎప్పుడూ వాడకండి.

కుదించకూడని పేజీలు

2013లో బ్రీచ్ అనే దాడిని బయటపెట్టారు. ఒకే పేజీలో ఒక రహస్యం, దాంతో పాటు అడిగినవారు పంపిన పాఠం రెండూ ఉంటే, ఆ పేజీని కుదించి పంపినప్పుడు దాడి చేసేవాడు రకరకాల ఊహలు పంపుతూ జవాబు పొడవును గమనిస్తాడు. ఊహ రహస్యంతో కలిసినప్పుడు పొడవు కొంచెం తగ్గుతుంది. హెచ్‌టీటీపీఎస్ ఉన్నా పొడవు దాగదు. వేళల పట్టికకు ఈ భయం లేదు. లాగిన్ తరువాతి పేజీలో ఫారం రక్షణ టోకెన్ (ఫారం మీ పేజీ నుంచే వచ్చిందని చూపే రహస్య సంకేతం) ఉండి, వెతికిన మాటను కూడా అదే పేజీలో చూపిస్తుంటే జాగ్రత్త పడండి. టోకెన్‌ను ప్రతి జవాబులోనూ వేరే రూపంలో ముసుగు వేసి పంపండి, లేదా ఆ పేజీకి కుదింపు ఆపేయండి. పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే జాంగోలో 4.2 నుంచి దాని జీజిప్ మిడిల్‌వేర్ (కుదించే భాగం) జవాబుకు 100 బైట్ల దాకా యాదృచ్ఛికమైన పొడవు కలుపుతుంది. అది దాడిని కష్టతరం చేస్తుంది, టోకెన్ ముసుగు అవసరాన్ని తీసేయదు.

పెట్టిన తరువాత చేసే పరీక్ష

ప్రతి మార్పు తరువాత నేను ఒకే పేజీని కర్ల్‌తో నాలుగుసార్లు తెప్పిస్తాను. మొదట ఏ హెడరూ లేకుండా, తరువాత జీజిప్ అడిగి, ఆపైన బీఆర్ అడిగి, చివరగా జీజిప్‌కు క్యూ విలువ 0 ఇచ్చి. నాలుగింటిలోనూ వేరీ ఉందో లేదో చూస్తాను. కుదించిన రెండింటినీ విప్పి, కుదించని దానితో బైటు బైటుకూ పోలుస్తాను. విప్పిన పాఠంలో చివరి పంక్తి ఉందో లేదో స్క్రిప్ట్ చేత వెతికిస్తాను. ఆ చివరి పంక్తి, పట్టిక అడుగున ఉన్న గుణుపురం సాయంత్రం బండి వేళ.